మేకుకు ఎదురు కుర్చీ

ఆ ఇంట్లో భోజనాల గది గోడకి ఒక మేకు ఉంది. మామూలు మేకే. తల కాస్త వంగి, అత్తారింట్లో నోరు మెదపని కొత్త అల్లుడిలా ఉంటుంది. కానీ ఊళ్లో బొమ్మలేసే ఎవరి దగ్గరైనా దాని మాటెత్తి చూడండి, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు మొహం పెడతారు. ఆ మేకుకి వేలాడి బతికి బట్టకట్టిన బొమ్మలున్నాయి. వేలాడి అక్కడే ప్రాణం వదిలినవీ ఉన్నాయి.

ఇంటాయన కళా విమర్శకుడు. బొమ్మలవాళ్లు ఎదురుగా గురువుగారూ అంటారు, పక్కకి తిరిగితే కళ్లజోడు అంటారు. చెట్టుని చెట్టులా వేసి చప్పట్లు కొట్టించుకునే కాలంలో, "చెట్టు కావాలంటే కిటికీ తీస్తాను, దానికి బొమ్మెందుకు?" అని పేపర్లో రాసి, నిండు సభలో కోడిగుడ్ల దెబ్బలు తిన్న మనిషి. ఆ గుడ్లు విసిరినవాళ్ల పిల్లలే ఇప్పుడు వంకర గీతలు గీసుకుని చంకన పెట్టుకుని ఆయన గుమ్మం ముందు నిలబడుతున్నారు. ఆదివారం పేపర్లో ఆయన ఊ అంటే గ్యాలరీ తలుపులు తెరుచుకుంటాయి. ఊహూ అంటే బొమ్మ మంచం కిందకి, వేసినవాడు వేరే ఉద్యోగంలోకి.

ఆయనకి గ్యాలరీల మీద నమ్మకం లేదు. "అక్కడ బిస్కెట్లు పెడతారు. బిస్కెట్లు నములుతూ బొమ్మ చూసినవాడు బిస్కెట్ల గురించే రాస్తాడు," అంటాడు. అందుకని బొమ్మ ఇంటికి రావాలి. పేరున్న మూలన కాగితం టేపు అంటించి ఉండాలి. నాలుగు పూటలు భోజనాల గదిలో వేలాడాలి. ఆ తర్వాత ఆయన చెబుతుంటే భార్య రాస్తుంది. ఆయన చేతిరాత కోడి కెలికినట్టుంటుంది, ఆవిడది ముత్యాలు పేర్చినట్టుంటుంది.

ఆ పొద్దున గ్యాలరీ మనుషులిద్దరు బొమ్మని పక్కవాటుగా తిప్పి గుమ్మం దాటించి మేకుకి తగిలించారు. ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు బొమ్మకి ఆనేంత దగ్గరికి వెళ్లి, ఈ చివర నుంచి ఆ చివరకి వాసన చూస్తున్నట్టు నడిచాడు. వెనక్కి జరిగి చూశాడు. కుర్చీ ఎక్కినంత పని చేసి పైనుంచి చూశాడు. "సరే," అని తన కుర్చీలో కూర్చుని పేపరు విప్పుకున్నాడు.

ఆవిడ చూపు మాత్రం కింద మూలన టేపు మీదే ఉంది. దాని కింద ఎవరి పేరుందో ఆవిడకి తెలుసు. ఆయనకి తెలియదు. తెలియదనే ఆవిడ నమ్మకం. అయినా ఆయన "సరే" అన్న తీరు ఇవాళ కాస్త పొట్టిగా ఉన్నట్టనిపించింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ చేతులు పొడిగా ఉన్నా మళ్లీ తుడుచుకుంది.

"కూరలకి వెళ్తున్నానండీ."

"నిన్ననే తెచ్చావుగా?"

"అయిపోయాయి."

పేపరు కిందికి దిగలేదు. "నిన్నటి కూరలు ఇవాళ్టికే అయిపోయాయంటే, ఇంట్లో నాకు తెలియని వాళ్లెవరో తింటున్నారన్నమాట."

*

కూరల సంచి కూరల బజారుకి వెళ్లలేదు. పెయింట్ల షాపుకి వెళ్లింది. షాపు ఆవిడ పిన్ని కొడుకుది. ఒకప్పుడు ఏటి ఒడ్డు బొమ్మలు వేసేవాడు, ఏటిబొమ్మలాయన అని పేరు. ఇప్పుడు గోడల రంగులు అమ్ముతాడు. ఆవిడ వెళ్లేసరికి డబ్బాలో పుల్ల పెట్టి తిప్పుతూ, మూత మీద ఒక చుక్క అద్ది, ఊది ఆరబెట్టి, ఎదురుగా ఉన్న కొనుగోలుదారుకి చూపిస్తున్నాడు.

"తడి మీద చూసి ముదురుగా ఉందనకండి సార్. ఆరితే పెళ్లైన మగాడిలా మెత్తబడుతుంది."

ఆ మనిషి డబ్బా తీసుకుని వెళ్లగానే పుల్ల పక్కన పడేసి, "తగిలించారా?" అన్నాడు.

"తగిలించారు."

గోడవారగా స్టూలు మీద కూర్చున్న మేనకోడలు లేచి నిలబడింది. సన్నగా, ఒకచోట నిలవదని ఆ పిల్లని ఇంట్లో పిచ్చిక అంటారు. గోళ్లలో బూడిద రంగు ఇరుక్కుని ఉంది. "మామయ్య ఏమన్నాడత్తా?"

"సరే అన్నాడు."

"ఎలాంటి సరే?"

"నాకేం తెలుసే. కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు."

ఏటిబొమ్మలాయన ఫ్లాస్కులోంచి టీ పోసి అందించాడు. "అక్కా, నువ్వేమీ అనలేదు కదా?"

"లేదు."

"హమ్మయ్య. అంటే మాత్రం తిట్టు. కడిగెయ్యి. ఆ నల్ల చతురస్రాల వాణ్ని ఏమన్నావు?"

"మసిగుడ్డ ఆరేసినట్టుందన్నాను."

"వాడిప్పుడు కాలేజీలో ప్రొఫెసరు. తలల్లేని ఆడవాళ్లని వేసిన అమ్మాయిని?"

"ముద్ద దిగట్లేదు, దించెయ్యమన్నాను."

"ఆ అమ్మాయి ఇప్పుడు విమానం దిగట్లేదు. మరి నా బొమ్మని?"

ఆవిడ టీ ఊదుకుంది. "బాగుందన్నాను."

"అదీ సంగతి. నీ ఒక్క బాగుందితో నేను డబ్బాల మధ్యకి వచ్చి పడ్డాను. బావగారికి నువ్వు థర్మామీటరువక్కా. కాకపోతే ఆయన తలకిందులుగా పట్టుకుని చదువుతాడు." నవ్వుతూనే అన్నాడు. పొట్ట కూడా నవ్వింది. కళ్లు మాత్రం డబ్బాలు సర్దుతున్నాయి.

కౌంటరు వెనక గోడ మీద, రంగుల కార్డుల పైన, ఆ మేకు నుంచి దిగొచ్చిన అతని ఏటి బొమ్మ వేలాడుతూ ఉంది. ఆవిడ తలెత్తి ఒకసారి చూసి, "ఆ పడవా, ఆ నీళ్లూ... ఎంత చల్లగా ఉంటుందిరా. అలా ఎలా రాయబుద్ధయిందో ఆయనకి," అని వేడి వేడిగా టీ తాగేసింది.

అతను ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఇంకో డబ్బా మూత బిగించసాగాడు.

పిచ్చిక సంచి అందిస్తూ, "నువ్వు కావాలని తిట్టక్కర్లేదత్తా. అది నీకెలాగూ నచ్చదు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఈసారి మామయ్య ఊహూ అంటే ఇంక బ్రష్షు పట్టనని నాన్నకి మాటిచ్చాను. సోమవారం నుంచి ఆ కౌంటరు నాదే," అంది.

తండ్రి వినిపించుకోనట్టు మూత మీద సుత్తితో కొడుతున్నాడు. అవసరానికి మించే కొడుతున్నాడు.

*

మధ్యాహ్నం ఆవిడ కంచాలు పెట్టి, తన కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"ఇదేం బొమ్మండీ. రేకు తలుపు వేసినట్టుంది. ఇంత గుడ్డా, ఇంత రంగూ తగలేసి..."

నిజానికి అది అలాగే ఉంది. పైనుంచి కిందదాకా బూడిద రంగు అడ్డపట్టీలు. అట్టడుగున సన్నగా ఎర్రటి వెలుతురు గీత, షట్టరు పూర్తిగా దించకుండా వదిలేసినట్టు. ఆ సందులో గోధుమ రంగు మచ్చలు రెండు.

"ఊఁ," అన్నాడాయన కూర కలుపుకుంటూ.

"కళ్లకి ఆనదు, మనసుకి ఆనదు. దీనికన్నా మన ఇనప్పెట్టె నయం."

"ఇవాళ తిట్టు నీ నోటికి అతకట్లేదోయ్. ఎవరో రాసిచ్చినట్టుంది."

ఆవిడ రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుని ఆయన వైపు చూసింది. ఆయన ఆవిడనే చూస్తున్నాడు. ఆయన తల వెనక బొమ్మ, బొమ్మ పైన మేకు.

అప్పుడు తట్టింది.

ఆయన కుర్చీ వీపు బొమ్మ వైపుంది. ఇవాళ కాదు, ఎప్పుడూ అంతే. కాపురానికి వచ్చిన రోజు ఆయన బల్ల చూపించి, "నువ్వు అటు కూర్చో, బొమ్మలు బాగా కనిపిస్తాయి," అన్నాడు. పెళ్లాం మీద ఎంత ప్రేమో అని అప్పట్లో ఆవిడ మురిసిపోయి అమ్మకి కూడా చెప్పుకుంది. ఇన్నేళ్లూ ఆ కుర్చీలోనే కూర్చుంది. బొమ్మలన్నీ ఆవిడే చూసింది. ఆయన మాత్రం ఆవిడని చూస్తూ తిన్నాడు.

తమ్ముడన్నది సరదాకి కాదన్నమాట. ఈయన బొమ్మల్ని చూడనే చూడడు. పెళ్లాం మొహం చిట్లిస్తే గొప్ప బొమ్మ, పెళ్లాం మొహం విప్పారితే పనికిమాలిన బొమ్మ. దీనికి పేరు ఆధునిక కళ, దీనికి శాలువాలు, సభలు.

"ఇటు ఫ్యాను గాలి తగలట్లేదండీ. కాసేపు కుర్చీలు మార్చుకుందామా?" అంది మెల్లగా.

"ఫ్యాను పెంచుకో."

"మెడ పట్టేసింది. అటు తిరిగి కూర్చుంటే..."

"మెడకి మందు రాసుకో." ఆయన కుర్చీ చేతుల్ని మంత్రి పదవి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కూర వడ్డించుకోవడానికి కూడా లేవలేదు.

ఇంకేముంది, సాక్ష్యం దొరికినట్టే.

*

ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ఇద్దరూ ఒకరినొకరు దొంగని చూసినట్టు చూసుకున్నారు. ఆవిడ తలుపు సందులోంచి చూసేది, ఒక్కడే ఉన్నప్పుడైనా బొమ్మ వైపు తిరుగుతాడేమోనని. తిరగడే. వీపు బొమ్మకిచ్చి చెవి గోక్కుంటూ కూర్చునేవాడు. ఒకసారి తలెత్తకుండానే, "గడప అరిగిపోతుంది, లోపలికి రా," అన్నాడు.

నా మొహమే కదా ఆయన చదివేది, మొహమే ఇవ్వను అనుకుంది. భోజనాల దగ్గర తల కంచంలో పెట్టి తిన్నది. నోటితో మాత్రం తిట్టింది. "ఇంకెన్నాళ్లు ఈ రేకు?" అంది కూరకి. "చూస్తేనే చిరాకు," అంది రొట్టెకి. తల ఎత్తలేదు.

కానీ ఆ బొమ్మ ఊరుకోలేదు. కిందున్న ఆ గోధుమ రంగు మచ్చలు పాదాలా, చెప్పులా? లోపలున్న మనిషివా, బయట నిలబడ్డ మనిషివా? లోపలి మనిషైతే షట్టరు ఎత్తబోతున్నాడా, దించబోతున్నాడా? ఆవిడ కూరగిన్నె అందుకునే వంకన చూసింది. ఉప్పు డబ్బా బల్ల మీదే ఉండగా, ఉప్పు తెస్తానని లేచి, వెళ్తూ చూసింది. బల్ల తుడిచింది. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. పొద్దుటి ఎండలో ఆ పాదాలు బయటికి వస్తున్నట్టున్నాయి. ఎండ జరిగాక లోపలికే పోతున్నట్టున్నాయి. నచ్చిందా అంటే లేదు, ఒట్టు. ఇంట్లోకి పిలవని చుట్టం వచ్చి, ఎందుకొచ్చాడో చెప్పకుండా కూర్చున్నట్టుంది.

"కూర ఎలా ఉంది?" అన్నాడాయన ఒక పూట.

"బాగానే ఉంది."

"ఇంకా నువ్వు వడ్డించుకోనే లేదు."

ఆవిడ కంచంలోకి చూసుకుంది. రొట్టె ఒక్కటే ఉంది. గరిటె చేతిలో అలాగే ఉంది.

*

శనివారం పొద్దున ఆయన కాళ్లు చాపుకుని, "కాగితాలు తే," అన్నాడు. పేపరాఫీసు మనిషి మధ్యాహ్నానికి వస్తాడు.

ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, కాగితం పైభాగాన గీత గీసి, కలం పట్టుకుంది. ఇదే బల్ల. ఇదే చేత్తో తమ్ముడి గురించి రాసింది. 'ఒక్క చూపుకే అయిపోయే బొమ్మలివి.' ఒక్క వాక్యమే. గుండ్రంగా, అందంగా, ముత్యాల్లా రాసి ఇచ్చింది.

"రాసుకో. ఈ వారం..."

"రాయను."

ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జారింది. "ఏం, కలంలో సిరా లేదా?"

"ముందు ఒక మాట చెప్పండి. మీరు బొమ్మలు చూస్తారా, నన్ను చూస్తారా?"

ఆయన దొంగకి తేలు కుట్టినట్టు కాళ్లు దగ్గరికి తీసుకున్నాడు.

"నేను ఛీ అన్నదాన్ని ఆహా అంటారు, బాగుందన్నదాన్ని నేలకేసి కొడతారు. ఇదేగా మీ విద్య? నన్ను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, తలకిందులు చేసి రాసుకుంటున్నారు. ఇన్నేళ్ల నుంచీ."

ఆయన నవ్వాడు. భుజాలు కదిలేలా నవ్వి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"నీ నోటిని ఎవరు పట్టించుకున్నారోయ్? నీ నోరు నీ పుట్టింటిది, గాలి ఎటుంటే అటు. నేను చూసేది నీ కంచాన్ని."

"కంచాన్నా?"

"కూర చల్లారుతోందా లేదా అని. నచ్చని బొమ్మని తిట్టి, నువ్వు మళ్లీ చూసేదానివి. చూసి మళ్లీ తిట్టేదానివి. ముద్ద చేతిలో ఆరిపోయేది. ఆ మసిగుడ్డ వాడి బొమ్మప్పుడు నీ కూర మీద మీగడ కట్టినట్టు నెయ్యి పేరుకుంది. బొమ్మని నేను చూస్తాను, తగిలించిన రోజే చూస్తాను. రంగెలా పూశాడో, గీత ఎక్కడ తడబడిందో నాకు తెలుస్తుంది. కానీ నాకు చదువెక్కువైంది. అది మనిషిని పట్టుకుంటుందో లేదో నాకు తెలియదు. నీ కంచానికి తెలుస్తుంది."

ఆవిడ కలం మూత పెట్టింది, తీసింది. ఇది అప్పటికప్పుడు అల్లిన కథేమో. ఈయన మాటలతో బతికే మనిషి.

"అయితే మా తమ్ముడి బొమ్మ? నేను బాగుందన్నాను. మనసారా అన్నాను."

"అన్నావు. ఒకసారి తలెత్తి చూశావు, బాగుందన్నావు, కడుపునిండా వేడి వేడిగా తిన్నావు. మర్నాడూ అంతే. ఆ తర్వాత అది దించేసిన సంగతి కూడా నువ్వు గమనించలేదు. నేనే చెప్పాను."

"అబద్ధం."

"ఒక్క చూపుకే అయిపోయే బొమ్మలని నేను రాయించింది ఎవరి చూపు గురించి అనుకున్నావు?"

ఆవిడకి ముందు కోపమే వచ్చింది. ఆ కోపాన్నే పట్టుకుని పైకి లేచింది. "ఆ బొమ్మ నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. ఏరు, ఒడ్డు, ఎడం పక్కన పడవ..."

"పడవ ఎక్కడుంది అందులో?"

"ఎడం పక్కన."

"లేదు. రెల్లు ఉంది. నీళ్లలో మబ్బు ఉంది. పడవ లేదు."

"మీకు గుర్తులేదు."

"వెళ్లి చూసుకో," అన్నాడాయన. గొంతులో వేళాకోళం లేదు. "ముందు ఇది రాసిపెట్టు. పేపరాఫీసు వాడొస్తాడు."

ఆవిడ కూర్చుంది. ఆయన బొమ్మ వైపు తిరగకుండానే చెప్పాడు. "ఈ బొమ్మకి ఎదురుగా కూర్చుని ఎవరూ వేడి కూర తినలేరు. ఇది నచ్చే బొమ్మ కాదు. వదలని బొమ్మ..." ఆవిడ చెయ్యి రాసుకుంటూ పోయింది. అక్షరాలు ఎప్పటికన్నా వంకరగా పడ్డాయి. చివరికి వచ్చాక ఆయన, "టేపు తీసి పేరు చూసి పైన వేసెయ్," అని చేతులు వెనక్కి పెట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. కిటికీలోంచి చూస్తూ, "మీ వాళ్లింట్లో ఒక పిల్లకి గోళ్లలో ఎప్పుడూ రంగుంటుంది కదూ," అన్నాడు.

ముందే తెలుసా, ఇప్పుడు తెలిసిందా? ఆవిడ ఆయన వీపు వైపు చాలాసేపు చూసింది. వీపు ఏమీ చెప్పలేదు. ఆ మనిషి వీపు ఎప్పుడూ అంతే.

*

ఆదివారం పొద్దున ఆవిడ షాపుకి వెళ్లేసరికి, మూసి ఉండాల్సిన షట్టరు కాస్త ఎత్తి ఉంది. కింద సందులోంచి లోపలి లైటు వెలుతురు బయటికి గీతలా పడుతోంది. ఆ వెలుతుర్లో గోధుమ రంగు చెప్పులు వేసుకున్న కాళ్లు రెండు అటూ ఇటూ తిరుగుతున్నాయి. తమ్ముడివి. ఆవిడ కాసేపు అలాగే నిలబడి, తర్వాత షట్టరు ఇంకాస్త ఎత్తి, వంగి లోపలికి వెళ్లింది.

పేపరు కౌంటరు మీద పరిచి ఉంది. పిచ్చిక లేదు, పొద్దున్నే గ్యాలరీ వాళ్లు పిలిస్తే పరిగెత్తింది. ఏటిబొమ్మలాయన మొహం పండగ చేసుకున్నట్టుంది.

"అక్కా, నా తల్లీ, ఏం తిట్టావో గానీ గట్టిగానే తిట్టావు. కూర తినలేరట. నేను చెప్పలేదూ, తలకిందుల థర్మామీటరని?" ఫ్లాస్కు వంచి టీ పోశాడు. పొగలు కక్కుతోంది. "పట్టు. వేడిగా తాగు."

"నువ్వు చెప్పినట్టే చేశాన్రా," అంది ఆవిడ. చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. కప్పు రెండు చేతుల్తో పట్టుకుని తలెత్తింది.

రంగుల కార్డుల పైన ఏటి బొమ్మ. ఏరు. ఒడ్డు. ఎడం పక్కన రెల్లు, గాలికి ఒక పక్కకి ఒరిగి. నీళ్లలో మబ్బు.

"పడవ లేదురా ఇందులో."

అతను పేపరు మడత పెడుతున్నవాడల్లా ఆగాడు. "లేదక్కా. ఎప్పుడూ లేదు."

"మరి నేను ఉందన్నప్పుడల్లా చెప్పవేం?"

"ఏం చెప్పను? బాగుందన్నది నువ్వొక్కదానివే." మడత మీద గోరుతో రాసి, రాసి, నవ్వాడు. "పడవ ఉందన్నావు. సరే, ఉంటే ఉండనీ అనుకున్నాను."

ఆవిడ కప్పు తీసుకెళ్లి కౌంటరు మీద పెట్టింది. కుర్చీ ఒకటి లాగి, బొమ్మకి ఎదురుగా వేసుకుని కూర్చుంది. కళ్లు రంగుల కార్డుల మీదికి జారాయి. పట్టి మళ్లీ పైకి తెచ్చింది. తలుపు వైపు జారాయి. మళ్లీ తెచ్చింది. రెల్లు చూసింది. రెల్లు మొదట్లో నీటి గీత చూసింది. మబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో చూసింది.

తమ్ముడు కౌంటరు అవతల నిలబడి ముందు బొమ్మనీ, తర్వాత అక్కనీ చూశాడు. డబ్బాలు రెండు అనవసరంగా జరిపాడు.

"టీ చల్లారిపోతోందక్కా."

"చల్లారనీరా," అంది ఆవిడ, చూపు తిప్పకుండా.